శీతకాలపు విడిది

తెలుగువారి పెళ్ళిళ్ళలో మగపెళ్ళివారికి విడిది ఏర్పాటు చేయడం పెద్ద బాధ్యత. విడిది సొంత ఇల్లు కాదు. డబ్బు చెల్లించి దిగే సత్రమూ కాదు. దిగినవారు నాలుగు రోజులలో వెళ్ళిపోతారని ఇరుపక్షాలకూ తెలుసు. అయినా ఆ నాలుగు రోజులలో నీళ్ళకు లోటు రాకూడదు, పసిపిల్లల నిద్రకు భంగం కలగకూడదు, వేళకు భోజనం అందాలి. విడిదిలో లోపం జరిగితే ఆ మాట ఏళ్ళ తరబడి బంధువుల నోళ్ళలో నానుతూనే ఉంటుంది. అతిథి ఉండేది కొద్దికాలమే. కాని ఆ కొద్దికాలమూ అతని సుఖం ఆతిథేయుని చేతిలోనే ఉంటుంది. ఈ సంబంధం పెళ్ళిపందిరితో ముగిసిపోయేది కాదు. ఏటా శీతకాలం రాగానే సొంతగడ్డను విడిచి, వెచ్చని సముద్రతీరాలకు చేరి, అక్కడ నాలుగైదు నెలలు విడిది చేసే ప్రాణులు లోకంలో లక్షల సంఖ్యలో ఉన్నాయి. వాటిలో మనుషులు కూడా ఉన్నారు.

జర్మనీ, నెదర్లాండ్స్, బ్రిటన్, స్వీడన్ వంటి ఉత్తర ఐరోపా దేశాలలో డిసెంబరు నాటికి పగలు మిక్కిలి కుంచించుకుపోతుంది. నెదర్లాండ్స్‌లో ఆ నెలలో పగటి నిడివి సుమారు 8 గంటలే. అందులోనూ సూర్యుడు మబ్బుల చాటున దాగే దినాలే ఎక్కువ. ఉద్యోగ విరమణ చేసిన దంపతులు కొందరు ఈ చీకటి నెలలను తప్పించుకోవడానికి శరదృతువు చివరలోనే ఇంటికి తాళం వేసి దక్షిణానికి బయలుదేరుతారు. స్పెయిన్ దక్షిణ తీరం, పోర్చుగల్‌లోని అల్గార్వ్ ప్రాంతం, ఇంకా ముందుకు పోతే సముద్రం దాటి మొరాకోలోని అగాదిర్ పరిసరాలు వారి గమ్యాలు. వారు ప్రయాణించేది క్యాంపర్ అనే వాహనంలో. చూడడానికి అది ఒక పెద్ద వ్యాన్. లోపల మడత మంచం, గ్యాసు పొయ్యి, నీళ్ళ ట్యాంకు, చిన్న అలమర, పైకప్పు మీద సౌరఫలకం ఉంటాయి. 1830లో చెన్నపట్టణం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య డేరాలను, వంట సామగ్రిని, వాటిని మోసే పరివారాన్ని వెంటబెట్టుకొని వెళ్ళాడు. నేటి క్యాంపర్ ఆ పరివారమంతటినీ ఒక బండిలో ఇమిడ్చింది.

ఇటువంటి బాటసారులు పెద్ద హోటళ్ళను కోరరు. వారు వెతికేది సముద్రానికి దగ్గరగా ఉండే సాదా మైదానం. నేల మీద ఇసుక, నాలుగు చెట్ల నీడ, అందరికీ కలిపి రెండు మూడు కుళాయిలు, స్నానాల గదులు, బట్టలు ఆరవేసుకోవడానికి తీగలు ఉంటే చాలు. ఆ మైదానం సొంతదారు ఉదయం రొట్టెల బుట్టతో ఒక చుట్టు తిరిగితే అదే మహాభాగ్యం. సాయంత్రం పక్క బండివారితో కూర్చొని మాట్లాడుకుంటారు; ఒకరు వండిన పులుసు మరొకరు రుచి చూస్తారు. ఒకే చోటికి ఏటేటా వచ్చేవారు ఉంటారు. అటువంటివారికి ఆ ఊరి కూరగాయల అంగడి, మందుల దుకాణం, చేపలు అమ్మే మనిషి అన్నీ పరిచయమే. స్థలం మోటుగా ఉండడం వారికి లోపంగా తోచదు. మోటుదనం తొలగి, మేడలు లేచి, వెల పెరిగిన మరుక్షణం ఆ విడిది వారికి పనికిరాకుండా పోతుంది.

ఆతిథ్యానికి హద్దులు కూడా ఉన్నాయి. ఐరోపా సమాఖ్య నుంచి బ్రిటన్ వైదొలగిన తరువాత, 2021 నుంచి బ్రిటిష్ పౌరులు వీసా లేకుండా స్పెయిన్, పోర్చుగల్ వంటి దేశాలలో ఏ 180 రోజులలోనైనా 90 రోజులకు మించి ఉండరాదనే నియమం అమలులోకి వచ్చింది. అంతకుముందు నవంబరు నుంచి మార్చి వరకు నిశ్చింతగా గడిపినవారు ఇప్పుడు క్యాలెండరు ముందు పెట్టుకొని దినాలు లెక్కించుకోవలసి వస్తున్నది. ఉత్తర అమెరికాలోనూ ఈ అలవాటు ఉంది. కెనడా చలిని తప్పించుకొని ఫ్లోరిడాకూ, అరిజోనాకూ దిగివచ్చేవారిని అక్కడి జనం ‘మంచు పక్షులు’ అని పిలుస్తారు. ఈ పేరు పెట్టినవారు ఎవరో గాని, ఉపమానాన్ని సరైన చోటు నుంచే తెచ్చారు. ఎందుకంటే శీతకాలపు విడిది అనే విద్యను మనిషి కన్న ఎంతో ముందు నేర్చినవి పక్షులే. అవి దిగే విడుదులలో ఒకటి తిరుపతి నుంచి రెండు గంటల ప్రయాణ దూరంలోనే ఉంది.

అది పులికాట్ సరస్సు. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు సరిహద్దులో, బంగాళాఖాతం ఒడ్డున ఉత్తర దక్షిణాలుగా సుమారు 60 కిలోమీటర్ల పొడవున ఈ సరస్సు వ్యాపించి ఉంది. ఉప్పునీరు, మంచినీరు కలిసే సరస్సులలో ఒడిశాలోని చిలికా తరువాత మన దేశంలో ఇదే పెద్దది. దీనిలో అధిక భాగం ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది. సరస్సుకూ సముద్రానికీ నడుమ శ్రీహరికోట ద్వీపం అడ్డుగోడ వలె నిలిచింది. పూర్వం నెల్లూరు జిల్లాలో ఉండిన సూళ్ళూరుపేట, తడ, దొరవారిసత్రం ప్రాంతాలు 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరాయి. పాలనాపరమైన ఈ మార్పు కొత్తదే గాని, చిత్తూరు సీమకూ ఈ సరస్సుకూ ఉన్న బంధం పాతది. చిత్తూరు కొండలలో కురిసిన వాననీటిని అరణియార్, కాళంగి నదులు ఈ సరస్సుకే చేరుస్తాయి. పిచ్చాటూరు వద్ద జలాశయం కట్టిన అరణియార్ సరస్సు దక్షిణ భాగంలోకి వస్తుంది. సూళ్ళూరుపేటను ఒరసుకొని ప్రవహించే కాళంగి పడమటి వైపు నుంచి వచ్చి కలుస్తుంది. ఆ కాళంగి ఒడ్డున వెలసిన చెంగాళమ్మ గుడికి తలుపులు వేయరని ప్రసిద్ధి. వేళ కాని వేళలో వచ్చే అతిథులకు ద్వారం వంటి ఊరికి ఈ దేవత తగినదే.

వలస పక్షులు చలికి తాళలేక వస్తాయని సాధారణంగా అనుకుంటారు. ఇది పూర్తి సత్యం కాదు. ఈకల దుప్పటి ఉన్న పక్షికి చలి అంత పెద్ద శత్రువు కాదు. అసలు శత్రువు ఆకలి. మంగోలియాలోనో, సైబీరియాలోనో శీతకాలం రాగానే చెరువులు గడ్డకడతాయి, పురుగులు నశిస్తాయి, బురద రాయి వలె బిగుసుకుపోతుంది. ముక్కు దిగని నేల మీద పక్షి ఏమి తిని బతుకుతుంది? అందువల్ల ఆహారం ఉన్న చోటికి పోక తప్పదు. పగలు తగ్గుతున్నకొద్దీ పక్షి శరీరంలో మార్పులు మొదలవుతాయి. అది మామూలు కన్న ఎక్కువగా తిని, చర్మం కింద కొవ్వును నిల్వ చేసుకుంటుంది. ప్రయాణంలో ఆ కొవ్వే ఇంధనం. సూర్యుడు, నక్షత్రాలు, భూమి అయస్కాంత క్షేత్రం దానికి దారి చూపుతాయి. ‘వలస’ అనే తెలుగు మాటకు పాత నిఘంటువులు చెప్పే అర్థంలో భయమూ, కరవూ రెండూ ఉన్నాయి. రాయలసీమవారికి ఆ మాటను వివరించవలసిన అవసరం లేదు. వానలు తప్పిన ఏడు మూటాముల్లె కట్టుకొని బెంగుళూరు దారి పట్టిన కుటుంబాలను ఈ సీమ ఎన్నో చూసింది. పక్షి వలసకూ ఈ వలసకూ మూలం ఒక్కటే. అయితే పక్షి తాను తిరిగిపోయే రోజును తానే నిర్ణయించుకోగలదు.

అక్టోబరు మొదలుకొని ఈశాన్య రుతుపవనాలు ఈ తీరం మీద వానలు కురిపిస్తాయి. నదుల నీరు సరస్సులోకి చేరుతుంది, ఉప్పదనం తగ్గుతుంది, చేపలు, రొయ్యలు, నాచు, నీటి పురుగులు వృద్ధి చెందుతాయి. సరిగ్గా అదే సమయానికి ఉత్తరదేశాల అతిథులు దిగడం ఆరంభిస్తారు. సూదివంటి తోక గల బాతులు, చెంచా వంటి ముక్కు గల బాతులు, మధ్య ఆసియా పీఠభూములలో గూళ్ళు కట్టే గోధుమతల గల్ పక్షులు, బురదలో పొడవైన ముక్కు దించి పురుగులను వెతికే గాడ్విట్‌లు అందులో ఉంటాయి. వీటన్నింటిలో ఆశ్చర్యం గొలిపేది లిటిల్ స్టింట్ అనే చిట్టి పక్షి. దాని బరువు ముప్పై గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. అంటే గుప్పెడు బఠానీల కన్న తక్కువ. అది ఉత్తర ధ్రువ ప్రాంతపు సైబీరియా మైదానాలలో గుడ్లు పెట్టి, శీతకాలానికి వేల కిలోమీటర్లు ఎగిరి దక్షిణ తీరాల బురద మీదకు చేరుకుంటుంది. నీటి అంచున గబగబ పరుగెత్తే ఆ పక్షిని చూసినవారు దానిని ఊరపిచ్చుకగా పొరపడి తల తిప్పుకొంటారు. సరస్సుకు వచ్చే సందర్శకులలో అధికులు రాజహంసల కోసమే వస్తారు కనుక, దాని వైపు చూసేవారు తక్కువ. అది న్యాయం కాదు.

తల మీద రెండు నల్లని చారలు గల చారల తల బాతు మరొక ముఖ్య అతిథి. మంగోలియా, టిబెట్ సరస్సుల వద్ద గుడ్లు పెట్టే ఈ పక్షి భారతదేశానికి రావడానికి హిమాలయాలను దాటుతుంది. శాస్త్రజ్ఞులు వీటికి చిన్న పరికరాలను అమర్చి ఉపగ్రహాల ద్వారా గమనించినప్పుడు, కొన్ని 7,000 మీటర్లకు పైబడిన ఎత్తులో ఎగిరినట్లు తేలింది. ఆ ఎత్తులో సాధారణ మనిషికి నిలబడడమే కష్టం. పలుచని గాలిలోని ప్రాణవాయువును గట్టిగా పట్టుకోగల ప్రత్యేక గుణం ఈ పక్షి రక్తానికి ఉంది.

ఇక్కడ ప్రాచీన సాహిత్యాన్ని ఒకసారి స్మరించుకోవడం అప్రస్తుతం కాదు. వర్షాకాలం రాగానే హంసలు మానస సరోవరానికి పోతాయని, శరత్కాలంలో తిరిగి వస్తాయని సంస్కృతాంధ్ర కవులు వర్ణిస్తారు. కాళిదాసు మేఘసందేశంలో మేఘానికి కైలాసం దాకా తోడు పోయేవి రాజహంసలే. ఆలంకారికులు దీనిని కవిసమయం అన్నారు. అంటే కవులందరూ అంగీకరించి వాడుకొనే కల్పన. కాని హిమాలయం ఆవలి సరస్సుల నుంచి చారల తల బాతులు వచ్చిపోయే తీరును గమనించిన తరువాత, ఈ కల్పన వెనుక ఎవరో పల్లెవాసి కళ్ళారా చూసిన నిజం ఉన్నదని అనిపించక మానదు. శ్రీనాథుని శృంగార నైషధంలో నలునికీ దమయంతికీ నడుమ రాయబారం నడిపిన హంస ఏ జాతిదో తేల్చడం సాధ్యం కాదు. అమరకోశం మాత్రం ముక్కు, కాళ్ళు ఎర్రగా ఉండి దేహం తెల్లగా ఉండేవి రాజహంసలని చెప్పింది. పులికాట్ ఒడ్డున నిలబడిన ఫ్లెమింగోకు తెలుగువారు రాజహంస అని పేరు పెట్టడం అందుకే తగినట్లు తోస్తుంది.

ఈ రాజహంస సుమారు నాలుగైదు అడుగుల ఎత్తు ఉంటుంది. పొడవైన కాళ్ళు, అంతకన్న పొడవైన మెడ, మధ్యలో వంగిన ముక్కు దాని ప్రత్యేకతలు. అది తలను తలకిందులుగా నీటిలో ముంచి మేస్తుంది. నాలుకను తిత్తివలె వేగంగా ఆడిస్తూ నీటిని లోపలికి లాగి, బయటికి వెళ్ళగొడుతుంది. ముక్కు అంచుల వెంట దువ్వెన పళ్ళ వంటి సన్నని పొరలు ఉన్నాయి. నీరు, బురద వాటి నడుమ నుంచి బయటికి పోతాయి. చిన్న రొయ్యలు, నాచు, గింజలు లోపల మిగిలిపోతాయి. పాలను, నీటిని వేరు చేసే శక్తి హంసకు ఉన్నదని పెద్దలు చెప్పిన మాటను శాస్త్రం ఒప్పుకోదు. అయితే నీటి నుంచి ఆహారాన్ని వేరు చేసే విద్యలో ఈ రాజహంసను మించినది లేదు. దాని ఈకలలోని గులాబి వన్నె కూడా తిండి వలన వచ్చినదే. నాచులోనూ, రొయ్యలలోనూ ఉండే కెరోటినాయిడ్ అనే వర్ణద్రవ్యం దేహంలో చేరి ఈకలకు రంగునిస్తుంది. పిల్లలు బూడిద రంగులో ఉంటాయి. వాటికి ఆ వన్నె రావడానికి కొన్ని సంవత్సరాలు పడుతుంది.

రాజహంసలన్నీ విదేశాల నుంచే వస్తాయనుకోవడం పొరపాటు. మన దేశంలో వీటి ప్రధాన జన్మస్థానం గుజరాత్‌లోని కచ్ రణం. ఆ ఉప్పునేలలో వేలకు వేలు బురద దిబ్బలు కట్టి, ఒక్కొక్క దిబ్బ మీద ఒక్కొక్క గుడ్డు పెడతాయి. ఆ స్థలానికి ఫ్లెమింగో నగరమని పేరు. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ 1945లో అక్కడికి వెళ్ళి పరిశీలించారు. కాబట్టి పులికాట్‌కు చేరే రాజహంస ఒక విధంగా స్వదేశీ అతిథే. సైబీరియా నుంచి వచ్చిన స్టింట్, కచ్ నుంచి వచ్చిన రాజహంస, ఇదే తీరంలో పుట్టిన కొంగ ఒకే బురదలో పక్కపక్కన మేస్తాయి. ఒకదాని తిండికి మరొకటి పోటీ రాకపోవడానికి కారణం వాటి కాళ్ళ పొడవు, ముక్కు ఆకారం. చిట్టి పక్షి తడి మట్టి పైపైన ఏరుకొంటుంది. గాడ్విట్ లోతుగా పొడుస్తుంది. రాజహంస మోకాలు మునిగే నీటిలో వడగడుతుంది. ఒక్క సరస్సు ఇన్ని పంక్తుల భోజనం వడ్డిస్తుంది.

ఈ పంక్తులన్నీ సాగడానికి సరస్సు లోతు లేకుండా ఉండడమే మూలం. పులికాట్ సగటు లోతు సుమారు ఒక మీటరు మాత్రమే. చాలా చోట్ల మనిషి నడిచిపోగలడు. పెద్ద ఓడలకు, రేవులకు ఇది పనికిరాని నీరు. కంటికి ఇంపైన పచ్చదనం కూడా తక్కువే. వేసవిలో ఒడ్డులు పగిలిన ఉప్పు పొరలతో తెల్లబారి ఉంటాయి. మనిషి లెక్కలో ‘బీడు’ అనిపించుకొనే ఈ గుణమే పక్షి లెక్కలో సంపద. స్పెయిన్ తీరంలో ఇసుక మైదానాన్ని వెతికే క్యాంపర్‌వాసి వలె, రాజహంస కూడా మెరుగులు దిద్దని చోటునే ఎంచుకుంటుంది.

సూళ్ళూరుపేటకు ఉత్తరంగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, దొరవారిసత్రం మండలంలో నేలపట్టు ఉంది. ఇది సరస్సు కాదు. చెరువు, చుట్టూ అడవి. 1976లో దీనిని పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 459 హెక్టార్లు. చెరువు నీటిలోనే మొదలు మునిగి పెరిగే బారింగ్టోనియా జాతి చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కడతాయి. పులికాట్‌కు వచ్చే దూరదేశపు పక్షులు ఇక్కడ గుడ్లు పెట్టవు; తిని, బలం పుంజుకొని పోతాయి. నేలపట్టుకు వచ్చే గూడబాతులు ఇందుకు భిన్నం. అవి మన దేశపు పక్షులే. వానల తరువాత ఇక్కడికి చేరి పిల్లలను పెంచుకుంటాయి. ముక్కు కింద వేలాడే పెద్ద సంచితో చేపలను పట్టడం వాటి వృత్తి. పిల్ల ఆకలిగొన్నప్పుడు తలను తల్లి గొంతులోనికి దూర్చి తింటుంది. అల్లంత దూరం నుంచి చూసినవారికి తల్లి పిల్లను మింగుతున్నదేమో అనిపిస్తుంది. గూడబాతులకు గూడు ఇక్కడ, వంటశాల అక్కడ అన్నట్లు, అవి చేపల కోసం పులికాట్ దాకా పోయి వస్తాయి. అందువల్ల సరస్సు ఎండితే నేలపట్టులో గూళ్ళు ఖాళీ అవుతాయి.

పక్షులకు విడిది ఇచ్చే ఊళ్ళు తెలుగునేలలో మరికొన్ని ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లాలోని తేలినీలాపురంలో పక్షులను పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులుగా భావిస్తారు. రాయలసీమలోనే, హిందూపురం ప్రాంతపు వీరాపురంలో ఎర్రకాళ్ళ కొంగలు ఊరి నడుమ చింతచెట్ల మీద గూళ్ళు కట్టుకుంటాయి. అవి రాకపోతే వానలు ఉండవని అక్కడివారి నమ్మకం. వాటి రెట్ట వాసన, అరుపులు, గూటి నుంచి జారిపడే చేపలు ఇళ్ళ ముంగిట నిత్యం భరించవలసినవే. తమిళనాడులోని శివగంగ జిల్లాలో వేట్టంగుడి చెరువుల వద్ద కొల్లుకుడిపట్టి గ్రామస్థులు గూళ్ళలోని పిల్లలు బెదురుతాయని దీపావళికి టపాకాయలు కాల్చడం మానుకున్నారు. పండుగనాడు పిల్లల చేతిలో మతాబు లేకపోవడం చిన్న త్యాగమని నగరవాసికి అనిపించవచ్చు. ఆ ఊరి పిల్లవానిని అడిగితే అది ఎంత పెద్దదో తెలుస్తుంది.

ఇవి ఊళ్ళు తమంతట తాము పాటించే కట్టుబాట్లు. దేశాల మధ్య కూడా ఒక కట్టుబాటు ఉంది. వలస జాతుల పరిరక్షణకై 1979లో జర్మనీలోని బాన్ నగరంలో ఒక ఒప్పందం కుదిరింది. భారతదేశం 1983లో దానిలో చేరింది. 2020 ఫిబ్రవరిలో ఆ ఒప్పంద దేశాల సదస్సుకు గాంధీనగర్‌లో ఆతిథ్యం ఇచ్చింది. ఒక దేశం గూటిని కాపాడి, మరొక దేశం విడిదిని పాడుచేస్తే పక్షి మిగలదన్న సత్యమే ఈ ఒప్పందానికి ఆధారం.

పులికాట్ విడిదికి ఇప్పుడు వచ్చిన ఇబ్బంది వేటగాని తుపాకి వల్ల వచ్చినది కాదు. ఇసుక వల్ల వచ్చినది. సరస్సు, సముద్రం కలిసే మార్గాన్ని ముఖద్వారం అంటారు. సముద్రపు ఆటుపోట్లకు ఈ ద్వారం గుండానే ఉప్పునీరు లోపలికి వచ్చి, వెలుపలికి పోతుంది. రొయ్యలు సముద్రంలో గుడ్లు పెడతాయి. వాటి పిల్లలు ఈ ద్వారం గుండా సరస్సులోకి వచ్చి ఎదుగుతాయి. తీరం వెంబడి కదిలే ఇసుక మేట వేసి ద్వారాన్ని మూసివేస్తే ఈ రాకపోకలు ఆగిపోతాయి. తిరుపతి జిల్లా వైపున రాయదొరువు వద్ద పూడిక తీయించాలని మత్స్యకారులు ఏళ్ళ తరబడి కోరుతూ వచ్చింది ఇందుకే. ద్వారం మూసుకుపోతే వారి వలలో రొయ్య పడదు. అదే సమయంలో పక్షి ముక్కుకూ ఆహారం అందదు. పక్షులకూ జాలర్లకూ వైరం ఉన్నదని కొందరు వాదిస్తారు. చేపను తినే ఇద్దరి మధ్య కొంత పోటీ ఉండక తప్పదు. కాని ఇసుక మేట ముందు ఆ పోటీ అల్పమైనది. నీరు రాని సరస్సులో ఇద్దరూ ఒకేసారి ఆకలి పాలవుతారు.

సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రహదారి సరస్సును అడ్డంగా చీలుస్తూ సాగుతుంది. 1971లో ద్వీపం నుంచి తొలి రాకెట్టు ఎగిరిన నాటి నుంచి దేశానికి ఆ దారి ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. ప్రయాణికునికి రాజహంసలను ఇరుపక్కలా చూపించేదీ అదే దారి. అయితే కట్ట వేసిన చోట నీటి స్వేచ్ఛాగమనానికి అడ్డు ఏర్పడుతుంది; వేసవిలో ఉత్తర భాగం త్వరగా ఎండిపోవడానికి ఇది ఒక కారణమని పరిశీలకులు చెబుతారు. ఆ ద్వీపంలో తరతరాలుగా నివసించిన యానాదులు కూడా రాకెట్ల కేంద్రం కోసం తావు మారవలసి వచ్చింది. అతిథుల గురించి ఆలోచించేటప్పుడు ఆ సొంతింటివారిని మరవడం తగదు.

పూడిక వల్ల చచ్చిపోతున్న సరస్సును బతికించిన అనుభవం మన దేశంలోనే ఉంది. ఒడిశాలోని చిలికా 1981లోనే అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తింపు పొందింది. తరువాత దాని ముఖద్వారం పూడి, ఉప్పదనం తగ్గి, కలుపు పెరిగి, చేపలు క్షీణించాయి. 1993లో దానిని ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల పట్టికలో చేర్చారు. 2000 సెప్టెంబరులో సముద్రంలోకి కొత్త ద్వారాన్ని తవ్వారు. ఉప్పునీరు మళ్ళీ ఆడింది. చేపల దిగుబడి తిరిగి పెరిగింది. 2002లో చిలికా పేరును ఆ పట్టిక నుంచి తొలగించారు. పులికాట్ స్థితి అచ్చంగా అదే కాదు. దీని లోతు తక్కువ, దక్షిణాన పరిశ్రమలు, రేవులు దగ్గర, ఒక సరస్సుకు రెండు రాష్ట్రాల పాలన. అయినా ద్వారం తెరిస్తే సరస్సు ఎంత త్వరగా స్పందిస్తుందో చిలికా చూపింది.

శీతకాలంలో సూళ్ళూరుపేటలో ప్రభుత్వం పక్షుల పండుగ నిర్వహిస్తుంది. 2020 తరువాత కొన్నేళ్ళు నిలిచిపోయిన ఈ ఉత్సవం 2025 జనవరిలో తిరిగి జరిగింది. బస్సులలో బడిపిల్లలు వస్తారు. దూరదర్శినులతో రాజహంసలను చూస్తారు. సాయంత్రం పట్టణంలో నృత్యాలు, పాటలు, అంగళ్ళు. పక్షుల పేరిట జరిగే పండుగలో మైకుల హోరు ఎందుకన్న ప్రశ్న సమంజసమే. వేదిక సరస్సుకు దూరంగా పట్టణంలో ఉండడం కొంత ఊరట. ఇంతకూ ఆ రోజు దూరదర్శినిలో మొదటిసారి రాజహంస ముక్కును చూసిన పిల్లలలో ఎవరైనా ఒకరు మరునాడు చెరువు గట్టున చిట్టి స్టింట్ కోసం వెతికితే, మైకుల హోరును క్షమించవచ్చు.

మార్చి నాటికి ఎండ ముదురుతుంది. సరస్సు అంచులు వెనక్కి తగ్గుతాయి. ఉత్తరాన మంచు కరిగే వేళకు చేరుకోవాలి కనుక బాతులు ముందుగా బయలుదేరుతాయి. వెళ్ళే ముందు వారం పది రోజులు అవి ఆబగా తింటాయి. గుంపులుగా లేచి, ఒక చుట్టు తిరిగి, మళ్ళీ దిగుతాయి. ఒక రాత్రి లేచినవి తిరిగి దిగవు. తెల్లవారి పడవ తీసిన జాలరికి ముందునాడు నల్లగా కనిపించిన నీరు ఖాళీగా కనిపిస్తుంది. నేలపట్టులో గూడబాతు పిల్లలకు అప్పటికి రెక్కలు వస్తాయి. అవి కొమ్మ నుంచి కొమ్మకు బరువుగా దూకుతూ ఎగరడం అభ్యసిస్తుంటాయి. రాజహంసలలో మాత్రం అన్నీ పోవు. ఇంకా గూడు కట్టే వయసు రాని బూడిద రంగు పక్షులు కొన్ని, అవసరం తోచనివి కొన్ని, నీరు మిగిలిన మడుగులను వెతుక్కొంటూ వేసవిలోనూ ఇక్కడే ఉండిపోతాయి. పడవలు అప్పటికి బురదలో ఒరిగి ఉంటాయి. జాలర్లు వలలు బాగుచేసుకొంటూ, చిత్తూరు కొండల మీద వాన పడి కాళంగికి నీరు వచ్చే రోజు కోసం చూస్తుంటారు.